రిపోర్టు నార్మల్

రాజపాళయంలో ఏ రోడ్డు మీద ఎక్కడ కక్కూసు ఉందో నన్నడగండి, కళ్ళు మూసుకుని చెప్తాను. పాత బస్టాండు వెనకది తెల్లవారుజామున నాలుగింటికే తెరుస్తారు, కానీ నీళ్ళు ఐదింటికి గానీ రావు. ఊరి చివర పెట్రోలు బంకులో ఒకటుంది. దాని తాళం మేనేజరు జేబులో ఉంటుంది, ఆయన ఏడింటి దాకా రాడు. సత్రపట్టి వైపు ఒక కల్యాణ మండపం దిక్కు, అదీ ముహూర్తాల రోజుల్లోనే. చోళపురం వైపు మాత్రం ఊరు దాటాక ఏమీ లేదు. ఇదంతా ఎందుకు కంఠతా పట్టానంటే, నాకు ఐ.బి.ఎస్. అనే పేగుల జబ్బు ఉంది, దానికి తోడు పరుగెత్తే పిచ్చి కూడా ఉంది. రెండూ ఒకే ఒంట్లో ఉండకూడనివి. ఉన్నాయి, ఏం చెయ్యను.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. కానీ ఈ కడుపు గొడవ వెనక రాక్కమ్మాళ్ అనే మనిషి ఉద్యోగం ఉంది. అది పోయేదాకా తెచ్చింది నేను. ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

నా పేరు నవనీతకృష్ణన్. నలభై ఎనిమిదేళ్ళు. ఇక్కడి ఒక నూలు మిల్లులో నూలు వడికే సెక్షనుకు సూపర్‌వైజర్ని. మావాళ్ళు తరతరాలుగా ఈ ఊళ్ళో కొట్లు పెట్టుకుని బతికినవాళ్ళు. కొట్టు మా అన్నకు పోయింది, నాకు మిల్లు దొరికింది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నా కింద పనిచేసే ఆడవాళ్ళలో సగం మంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. అయినా డ్యూటీలో నా నోట తెలుగు ముక్క రానిచ్చేవాణ్ణి కాదు. ఒక్క మాట తెలుగులో పలికామంటే చాలు, అన్నా అని మొదలుపెడతారు. అన్నా అన్నాక లీవు అడుగుతారు, లేటుగా వస్తారు, నెత్తినెక్కుతారు. అప్పట్లో అలా అనుకునేవాణ్ణి.

మా సెక్షనులో ఒక పద్ధతి ఉంది. నా బల్ల పక్కన మేకుకు ఒక చెక్క బిళ్ళ వేలాడుతుంది. బాత్రూముకు వెళ్ళాలంటే ఆ బిళ్ళ తీసుకుని వెళ్ళాలి, ఎనిమిది నిమిషాల్లో తెచ్చి తగిలించాలి. మేకుకు బిళ్ళ లేకపోతే ఇంకొకరు ఆగాలి. నూలు తెగినప్పుడు అతికే మనిషి మెషిన్ దగ్గర లేకపోతే దూది వృథాగా పోతుంది, అందుకని ఎప్పుడో ఎవరో పెట్టిన పద్ధతి. నేను పెట్టలేదు. ఇరవై ఏళ్ళుగా నడిపింది మాత్రం నేనే. ఎవరు ఎన్నింటికి తీశారు, ఎన్నింటికి తగిలించారు అని నోట్‌బుక్కులో రాసేవాణ్ణి. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని మేనేజరు మెచ్చుకునేవాడు కూడా.

రాక్కమ్మాళ్ చోళపురం నుంచి మిల్లు బస్సులో వచ్చేది. నలభై దాటిన మనిషి, పద్దెనిమిదేళ్ళ సర్వీసు. తెగిన పోగును ఆమె అతికినంత వేగంగా నా సెక్షనులో ఇంకొకరు అతకలేరు. ఈ జనవరి నుంచి ఆమె పేరు నా నోట్‌బుక్కులో మరీ ఎక్కువైంది. షిఫ్టుకు ఆరు సార్లు, ఏడు సార్లు. ఒక రోజు తొమ్మిది. పిలిచి అడిగాను. ఆమె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, తెలుగులో చెప్పింది.

"కడుపు పట్టి పిండినట్ల ఉంటాది అన్నా. పొయ్యొస్తే తగ్గుతాది, మళ్ళా వస్తాది. నా చేతిలో లేదు. ఆడమనిషి నోరు తెరిచి చెప్పేది కాదు ఇది. మీరు మన బాస మనిషని చెప్తున్నాను."

మన బాస అనేసరికి నాకు చిర్రెత్తింది. డాక్టరు రిపోర్టు తీసుకురా, తర్వాత మాట్లాడదాం అని తమిళంలో అన్నాను, నలుగురికీ వినపడేలా. ఆమె గొంతు తగ్గించి చెప్పినదానికి నేను గొంతు పెంచి జవాబిచ్చాను.

రిపోర్టు తెచ్చింది. రెండు రోజులు పని మానుకుని తిరిగి తెచ్చింది. రక్తం, మలం, కడుపు స్కాను. అన్నిటి కిందా ఒకే మాట, నార్మల్. ఆ కాగితాలు పట్టుకుని నేను నవ్వాను. ఏమీ లేదని డాక్టరే రాసిచ్చాడే అన్నాను. ఆమె ముఖం మాడిపోయింది. "ఉంది సార్" అంది. అన్నా పోయి సార్ వచ్చింది.

మార్చిలో నేను పైకి రాశాను. అబద్ధపు కారణం చెప్పి మాటిమాటికీ మెషిన్ వదిలి వెళ్తున్నది, జబ్బేమీ లేదని డాక్టరు రిపోర్టులోనే తేలింది అని. సస్పెండ్ చేశారు. నోటీసు ఇస్తే ఆమె తీసుకోలేదు. అలా తీసుకోకపోతే ఇంటి తలుపుకు అంటించాలని రూలు. వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని నేనే చోళపురం వెళ్ళి అంటించి వచ్చాను. వీధంతా చూసింది. జిగురు సరిగ్గా పట్టకపోతే అరచేత్తో నాలుగుసార్లు రుద్దాను కూడా. విచారణ జరిపి తీసేస్తారనీ, అబద్ధాలకోరు అని ఒక మిల్లు తీసేసిన మనిషిని ఇంకో మిల్లు గేటు కూడా దాటనివ్వదనీ నాకు తెలుసు. తెలిసే రాశాను.

మేలో నాకు మొదలైంది.

మొదట బయటి తిండి పడలేదనుకున్నాను. రెండు వారాలైనా తగ్గలేదు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరే లోపల మూడు సార్లు, మిల్లులో ఇంకో నాలుగు. పొత్తికడుపులో తడిగుడ్డ పిండినట్టు నొప్పి, ఒళ్ళంతా చెమట, పరుగున వెళ్తే కాస్త తెరిపి, మళ్ళీ గంటకు అదే వరస. మా ఆవిడ పంకజం మొదట భయపడింది, తర్వాత ఆట పట్టించడం మొదలుపెట్టింది.

"అక్కడే ఒక నాలిగాలి వేసుకోండి. కాఫీ, పేపరు అక్కడికే తెచ్చిస్తాను. మళ్ళా మళ్ళా లేచేది తప్పుతాది" అనేది. నాలిగాలి అంటే కుర్చీ.

డాక్టర్ దేవిప్రియ దగ్గరికి వెళ్ళాను. రక్తం, మలం, స్కాను. అన్నీ తీయించాను. సాయంత్రం ఆమె ముందు కూర్చుంటే కాగితాలు తిరగేసి, అన్నీ నార్మలే అంది. నాకు కోపం వచ్చింది. నొప్పితో చస్తుంటే నార్మలేమిటండీ అన్నాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. పేగు చూడ్డానికి బాగానే ఉంటుంది, పనిచేసే తీరు తప్పుతుంది, అందుకే పరీక్షల్లో ఏమీ దొరకదు, ఐ.బి.ఎస్. అంటారు, ప్రాణం పోదు గానీ ప్రాణం తోడేస్తుంది అని.

"అంటే రిపోర్టు నార్మల్ అని వస్తే జబ్బు లేనట్టు కాదా?" అని అడిగాను.

"మీ రిపోర్టు నార్మలే కదా. మీకు జబ్బు లేదా?" అంది.

ఆ కాగితాలు తీసుకుని మళ్ళీ చూశాను. రాక్కమ్మాళ్ తెచ్చిన కాగితాలు కూడా ఇలాగే ఉన్నాయి, ఇదే రంగు గీతలు, ఇదే మాట. నేను వాటిని పట్టుకుని నవ్వాను.

మరి మర్నాడే వెళ్ళి చెప్పావా అంటారేమో. చెప్పలేదు. జూన్ గడిచింది, జూలై గడిచింది. చెప్పాలంటే నా కడుపు సంగతి కూడా చెప్పాలి. నలభై మంది ఆడవాళ్ళ మీద పెత్తనం చేసే మనిషి రోజుకు ఏడుసార్లు కక్కూసుకు పరుగెత్తుతాడని మిల్లంతా తెలిస్తే ఇంకేం మర్యాద. సూపర్‌వైజర్లకు వేరే బాత్రూము ఉంది. దానికి బిళ్ళ లేదు, నిమిషాల్లేవు, నోట్‌బుక్కు లేదు. నేను వెళ్ళి వస్తుంటే రౌండుకు వెళ్ళాననుకునేవాళ్ళు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

రోజూ నడవండి, మనసులో ఏమీ పెట్టుకోకండి అని డాక్టరు చెప్పింది. నడక మొదలుపెట్టాను. కుమారసామి అని రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకాయన తెల్లవారుజామున పదిమందిని వెంటేసుకుని పరుగెత్తిస్తుంటాడు, ఆయన గుంపులో కలిశాను. ఆశ్చర్యమేమిటంటే ఈ వయసులో నాకు పరుగు పట్టుబడింది. కాకపోతే పరుగు కడుపును కుదిపేస్తుంది, కాబట్టి ముందురోజు సాయంత్రం నుంచే జాగ్రత్త. పాలు లేవు, పప్పు లేదు, ఉల్లిపాయ లేదు, రాత్రి ఏడింటికల్లా ఉత్త అన్నం, పొట్లకాయ కూర. తెల్లవారి మూడున్నరకు లేచి గోరువెచ్చటి నీళ్ళు తాగి, కడుపు రెండుసార్లు ఖాళీ అయ్యాకే బూట్లు వేసుకోవడం. నీళ్ళు ఒక్కో గుక్క. కక్కూసు ఉన్న దారి. ఇంత చేస్తే గంట, గంటన్నర హాయిగా పరుగెత్తగలను. ఆ గంటన్నరా రాక్కమ్మాళ్ గుర్తు రాదు. నిజం చెప్పాలంటే నేను పరుగు మానకపోవడానికి కారణం అదే.

ఆగస్టులో నోటీసు వచ్చింది. సోమవారం పదింటికి విచారణ, నేను హాజరై నా రిపోర్టు చదవాలి. ఆ ముందు ఆదివారమే మా గుంపు చోళపురం దాకా వెళ్ళి రావాలని పెట్టుకుంది. ఆ దారిలో కక్కూసు లేదని తెలిసీ, రానంటే ఎందుకని అడుగుతారని ఒప్పుకున్నాను. శనివారం సాయంత్రం పంకజం తమ్ముడి కూతురు వినోదినికి వళైకాప్పు, అంటే కడుపుతో ఉన్న పిల్లకు గాజులు తొడిగే పండగ. ఆ రోజు ఏడు రకాల అన్నాలు చేస్తారు. పులిహోర, కొబ్బరన్నం, పెరుగన్నం, నిమ్మకాయ, ఇంకా ఏవేవో. వచ్చిన ఇంటి పెద్దలు ఏడూ రుచి చూడాలి, ఒక్కటి వదిలినా పిల్లకు మంచిది కాదంటారు. మా దగ్గర అది మాట వరసకు అనేది కాదు, నిజంగానే విస్తరి వైపు చూస్తూ నిలబడతారు.

చేతినిండా గాజులతో వినోదినే వచ్చి నా ముందు నిలబడింది. "మామా, పాయసం మీకు నా చేత్తో వేస్తాను. వద్దనగూడదు."

వద్దనలేకపోయాను. ఏడన్నాలూ తిన్నాను, పాలపాయసం తాగాను. ఒక్క పూటకు ఏమవుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆదివారం పొద్దున బయల్దేరినప్పుడు బాగానే ఉంది. చల్లటి గాలి, పడమట కొండల మీద మబ్బు. చోళపురం పొలిమేర దగ్గర పడేసరికి మొదలైంది. మొదట కడుపులో ఒక గుడగుడ, తర్వాత ఎడం వైపు ఒక పోటు. పరుగు ఆపి నడిచాను, ఒక్కోసారి నడిస్తే సర్దుకుంటుంది. సర్దుకోలేదు. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, చల్లటి చెమట పట్టింది. నేను గుంపులో చివరివాణ్ణి, మాస్టారూ మిగతావాళ్ళూ ముందుకు వెళ్ళిపోయారు. రోడ్డుకు ఒక పక్క మోకాలెత్తు కూడా లేని చేను, అందులో వంగి కలుపు తీస్తున్న పదిమంది ఆడవాళ్ళు. ఇంకో పక్క కొబ్బరితోట, చుట్టూ ముళ్ళకంచె. కంచె పట్టుకుని, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అలా ఎంతసేపు నిలబడగలను? ఇంకో రెండు నిమిషాలు, మహా అయితే మూడు.

ఆ ఊళ్ళో నాకు తెలిసిన ఇల్లు ఒక్కటే. ఆ ఇంటి పక్కన రేకు తలుపు కక్కూసు ఉండటం నోటీసు అంటించిన రోజే చూశాను. అటు వెళ్ళకూడదని అనుకున్నాను. అనుకుంటూనే వెళ్ళాను. సిగ్గు ఉండాల్సినంత ఉంది, కానీ కడుపు ముందు అది నిలవలేదు.

తలుపు తీసే ఉంది. రాక్కమ్మాళ్ గుమ్మంలో కూర్చుని, ఆసుపత్రి కట్లకు వాడే పల్చటి గుడ్డను మడతపెడుతోంది. సత్రపట్టిలో నేసే గుడ్డ అది, ఇంటికి తెచ్చుకుని మడతపెట్టి ఇస్తారు. పక్కనే తలుపు మీద నేను కాగితం అంటించిన చోట చదరంగా రంగు లేచిపోయి ఉంది. నన్ను చూసింది. నిక్కరు, బూట్లు, వంగిపోయిన నడుము, పొత్తికడుపు మీద చెయ్యి. ఎందుకు వచ్చారని అడగలేదు. గుడ్డ పక్కన పెట్టి లేచింది.

"అందప్పక్కం సార్. తణ్ణి ఇరుక్కు." ఆ పక్కనుంది, నీళ్ళున్నాయి అని తమిళంలో చెప్పింది.

లోపల పావుగంట పైనే ఉన్నాను. బయట వీధిలో జనం తిరుగుతున్నారు, అన్నీ వినపడేంత పల్చటి రేకు. తల కొట్టేసినట్టయింది. మధ్యలో ఆమె ఇంకో బకెట్టు తెచ్చి తలుపు బయట పెట్టి, ఉళ్ళె ఎడుత్తుక్కోంగ అని, లోపలికి తీసుకోమని చెప్పి వెళ్ళిపోయింది. తలుపు తట్టలేదు. అయిందా అని అడగలేదు. ఎన్ని నిమిషాలైందో ఎవరూ రాసుకోవడం లేదు. గోడకు తల ఆనించి కూర్చుని, ఏడుపు వస్తే ఆపుకున్నాను.

బయటికి వచ్చేసరికి గిన్నెలో గంజి పట్టుకుని నిలబడి ఉంది, ఉప్పు వేసి, గోరువెచ్చగా.

"మజ్జిగ తాగొద్దండి" అంది, ఈసారి తెలుగులో. "నాకు పడదు. మీకూ పడదని చూస్తేనే తెలుస్తాది. గంజి అయితే నిలుస్తాది."

అరుగు మీద కూర్చుని తాగాను. ఆమె కింద కూర్చుని మళ్ళీ గుడ్డ మడతపెట్టడం మొదలుపెట్టింది. "ఎన్నాళ్ళుగా సార్?" అని అడిగింది, తల ఎత్తకుండా.

"మే నుంచి."

"మే" అని మెల్లగా అంది. లెక్క వేసుకుందని నాకు తెలిసింది. మే నుంచి తెలిసి కూడా ఆగస్టు దాకా ఎందుకు ఊరుకున్నావని అడుగుతుందేమో అని గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను. అడగలేదు. అడిగింది ఇంకొకటి.

"రేపు విచారణ ఏ రూములో సార్?"

"ఆఫీసు మేడ మీద."

"పక్కన బాత్రూము ఉందా?"

"ఉంది. స్టాఫుది."

"నన్ను పోనిస్తారా?" గుడ్డ మడతపెడుతున్న చేతులు ఆగిపోయాయి. "ఇట్లాటి దినాన నాకు ఎక్కువవుతాది. ఈ పగటి నుంచే ఏమీ తినకుండా వద్దామని ఉన్నాను. అయినా భయంగా ఉంది. పెద్దోళ్ళ ముందర నిలబడినప్పుడు వస్తే ఏం చేసేది?"

"పోనిస్తారు" అన్నాను. పోనిస్తారో లేదో నాకేం తెలుసు. ఆ క్షణంలో నన్ను మన్నించమ్మా అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది, కానీ అనలేదు. "థాంక్సమ్మా" అని గిన్నె కడిగి పెట్టి, బయటికి వచ్చి, షేర్ ఆటో ఎక్కి ఇంటికి వచ్చాను. పద్దెనిమిదేళ్ళు నా కళ్ళ ముందు పనిచేసిన మనిషి, రేపు తన పని తీసేసే చోట కక్కూసుకు వెళ్ళనిస్తారా అని నన్నే అడిగింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంట్లో పంకజం నా ముఖం చూసి కంగారుపడింది. "దారిలో వచ్చిందా? ఏడ పోయినారు?"

"తెలిసినవాళ్ళింట్లో."

"చోళపురంలో మనకెవరు తెలుసు?"

స్నానానికి నీళ్ళు పెట్టమన్నాను. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆమెకు చెప్పనిది అంటూ ఏమీ లేదనుకునేవాణ్ణి. నేను నోటీసు అంటించిన సంగతి కూడా ఆమెకు తెలియదు.

సోమవారం పదింటికి రాక్కమ్మాళ్ వచ్చింది. ఉతికిన చీర, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆ పాత రిపోర్టులు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అన్నట్టే ఏమీ తినలేదు. విచారణ చేసేది పర్సనెల్ ఆఫీసర్ రామనాథన్ గారు. చెడ్డవాడు కాదు, ఎవరి మీదా గొంతెత్తడు. పక్కన టైపు చేసే గుమాస్తా ఒకడు. మాటలన్నీ తమిళంలోనే.

నా రిపోర్టు చదవమన్నారు. చెప్పేద్దామని రాత్రంతా అనుకున్నవాణ్ణి, కాగితం చేతికివ్వగానే చదివాను. మొదటినుంచి చివరిదాకా, తేదీలతో సహా. అబద్ధపు కారణం అన్న మాట దగ్గర తడబడి, ఆ వాక్యం మళ్ళీ చదివాను. ఇది నువ్వు రాసిందేనా అంటే అవునన్నాను.

"నువ్వేం చెప్పుకుంటావమ్మా?" అని రామనాథన్ గారు ఆమెను అడిగారు.

ఆమె లేచి నిలబడింది. కవరు తెరవబోయింది. అంతలో ఆమె ముఖం మారింది. ఆ మార్పు ఇంతకుముందు నూరుసార్లు చూసి ఉంటాను. అదేమిటో నాకు ఆ రోజే తెలిసింది. చెయ్యి పొత్తికడుపు మీదికి వెళ్ళింది.

"సార్, ఒక అయిదు నిమిషాలు" అంది.

రామనాథన్ గారు నవ్వారు. దుర్మార్గంగా కాదు, అలవాటుగా. "ఇక్కడ కూడానా?" అని నా వైపు చూశారు, నేనూ నవ్వుతానని. గుమాస్తా నవ్వాడు. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, నా పెదవులు కూడా అప్పటికే కదిలాయి. పైవాడు నవ్వితే నవ్వడం ఇరవై ఏళ్ళ అలవాటు. సగం నవ్వు ముఖం మీద ఉండగా ఆమె నన్ను చూసింది.

కుర్చీ వెనక్కి తోసి లేచాను. "పోనివ్వండి సార్. నేను చూపిస్తాను" అని ఆమెను వరండా చివర స్టాఫు బాత్రూముకు తీసుకెళ్ళి, తలుపు తీసి, వెనక్కి వచ్చాను. కూర్చోలేదు.

"సార్, నేను రాసింది తప్పు."

"ఏది? తొమ్మిది సార్లన్నదా?"

"లెక్క సరిగ్గానే ఉంది. అబద్ధం అన్నది తప్పు. నాకూ అదే జబ్బు. నా రిపోర్టులు కూడా నార్మలే వచ్చాయి. ఆ జబ్బుకు అలాగే వస్తాయట."

"నువ్వా?" ఆయన కళ్ళజోడు తీశారు. "నువ్వు రోజూ పరుగెత్తుతావు కదయ్యా?"

"దారిలో కక్కూసులు చూసుకుని పరుగెత్తుతాను సార్."

గుమాస్తా టైపు చెయ్యడం ఆపేశాడు. రామనాథన్ గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "రోజుకు ఎన్ని సార్లు వెళ్తావు?"

"ఆరు, ఏడు. ఒక్కోరోజు ఎనిమిది."

"నీ నోట్‌బుక్కులో లేదే."

"నా పేరు అందులో రాయక్కర్లేదు సార్."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మేలో."

"ఇది ఆగస్టు."

"అవును సార్."

ఆయన డాక్టర్ దేవిప్రియ ఫోన్ నంబరు తీసుకుని మమ్మల్ని బయట కూర్చోమన్నారు. రెండు గంటలు వరండాలో ఒకే బెంచీకి ఆ చివర ఆమె, ఈ చివర నేను. ఆమె మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళింది, నేను ఒకసారి వెళ్ళాను. ఒంటిగంటకు కాగితం ఇచ్చారు. సస్పెన్షన్ రద్దు, గురువారం నుంచి పనిలోకి రావచ్చు, ఆమె మీద రాసినదంతా కొట్టివేత. నాకు వేరే కాగితం. తెలిసీ దాచినందుకు సంజాయిషీ ఇమ్మని. మధ్యాహ్నం షిఫ్టు మొదలయ్యేసరికి నా కడుపు సంగతి మిల్లంతా పాకిపోయింది. నేను నడుస్తుంటే వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అది నాకు తగిందే.

ఆమె గేటు బయట టౌను బస్సు కోసం నిలబడి ఉంది. వెళ్ళాను. పక్కన నలుగురున్నారు, అయినా తెలుగులోనే అన్నాను. "రాక్కమ్మా, నన్ను మన్నించు. నీకు చాలా అన్యాయం చేసినాను."

ఆమె కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా పెట్టుకుంది. "పని వచ్చింది సార్. పేరూ చెడలేదు. మీరు చెప్పినారు కాబట్టే వచ్చింది, అది మరువను." బస్సు వచ్చే వైపు ఒకసారి చూసింది. "ఒకటి అడుగుతాను, కోపించుకోవద్దు. నా కడుపునొప్పి నేను చెప్పినాను, మీరు నమ్మలేదు. కాగితం తెచ్చినాను, నవ్వినారు. మీకు వచ్చినాక నమ్మినారు. మీకు ఇది రాకపొయ్యుంటే?"

బస్సు వచ్చింది. ఆమె జవాబు కోసం చూడలేదు, ఎక్కి ఆడవాళ్ళ వైపు కూర్చుంది. బస్సు కదిలింది.

జవాబు నాకు తెలుసు. నాకు రాకపోయి ఉంటే, ఆ కాగితాన్ని తడబడకుండా చదివి, ఆమె అయిదు నిమిషాలు అడిగినప్పుడు రామనాథన్ గారితో కలిసి గట్టిగా నవ్వి, కింద సంతకం పెట్టి షిఫ్టుకు వెళ్ళిపోయేవాణ్ణి. ఆ రాత్రి నాకు నిద్ర కూడా బాగా పట్టేది.